పళ్లతో వినే మనిషి

మా బావ మీద ఒక వ్యాసం రాసి పంపమని లిఫ్టు మెకానిక్కుల సంఘం వాళ్లు నన్ను అడిగారు. అరవై దాటాక సొంత వ్యాపారం పెట్టి, అంతకుముందు రెండుసార్లు బోర్లాపడినా పట్టు వదలని మనిషి జీవితం నుంచి కొత్తవాళ్లు నేర్చుకోవలసిన పాఠాలు కావాలట. రెండు పేజీలు మించకూడదట, ఫోటో మాత్రం నవ్వుతున్నది ఉండాలట. ముప్పై ఏళ్లు బీమా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, మనిషి బతుకుని రెండు పేజీలకి కుదించడం నాకు కొత్త కాదు. కానీ వాళ్లు కోరినట్టు రాయాలంటే ఒక సంగతి దాచాలి. దాన్ని అప్పటికే మూడేళ్లు దాచాను, అందుకే ఒక డ్రాయింగు మాస్టారి చెయ్యి విరిగింది. సంఘం వాళ్లు వేసుకుంటే వేసుకోనీ, మానేస్తే మానేయనీ, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బావ అంటే మా అక్క భర్త. ఒక పెద్ద లిఫ్టుల కంపెనీలో ముప్పై ఒక్కేళ్లు మెకానిక్కుగా చేశాడు. రిటైరైన మర్నాడు కూడా అలవాటు కొద్దీ స్నానం చేసి, బూట్లు వేసుకుని, ఎటు వెళ్లాలో తోచక గుమ్మంలో నిలబడిపోయాడని అక్క చెబుతుంది. ఏడాది తిరక్కుండా మడత నిచ్చెన ఒకటి తయారుచేశాడు. హార్డ్‌వేర్ దుకాణాల వాళ్లందరినీ పిలిచి, దాని మీదికి ఎక్కి చూపిస్తుండగా అది చక్కగా మడత పడింది. బావ మూడు వారాలు మంచం మీద ఉన్నాడు. రెండోది, ఆఫీసుల్లో ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి టీ కప్పులు మోసే బుల్లి లిఫ్టు. దానికి వంక పెట్టడానికి లేదు. కానీ టీ తెచ్చే మనుషులు దాన్ని ఏ ఆఫీసులోనూ బతకనివ్వలేదు. పెట్టిన మూడో రోజుకల్లా అది ఎందుకు ఆగిపోయిందో ఎవరికీ తెలిసేది కాదు.

"ఇంక చాలండీ, కాస్త ఇంటిపట్టున ఉండండి," అంది అక్క. బావ సరేనన్నాడు. సరేనన్న వారానికి పాత లేతు మిషను ఒకటి కొనుక్కొచ్చాడు.

పాత భవనాల్లో ఇనప జాలీ తలుపుల లిఫ్టులుంటాయి. చేత్తో లాగి మూస్తే గాని కదలవు. కంపెనీలు వాటిని ముట్టుకోవు, విడిభాగాలు రావు, పీకేసి కొత్తది పెట్టుకోండి అంటాయి. బావ ముట్టుకుంటానన్నాడు. దొరకని భాగం లేతు మీద తనే చేస్తానన్నాడు. అప్పటికి ఆయనకి అరవై ఒకటి. ఏడు నెలలు ఒక్క లిఫ్టూ దొరకలేదు. కాళ్లకి బలపం కట్టుకుని భవనం తర్వాత భవనం తిరిగాడు. వాచ్‌మన్ లోపలికి రానివ్వకపోతే వీధికి అవతల నిలబడి, పైన యంత్రాల గది కిటికీలోంచి వచ్చే చప్పుడు విని, ఏ భాగం అరిగిందో, ఇంకెన్నాళ్లు పనిచేస్తుందో కాగితం మీద రాసి యజమానికి పంపేవాడు. మొదటి మూడు భవనాలూ ఆ కాగితాల వల్లే దొరికాయి. బావ చెవులు అప్పట్లో అలా ఉండేవి.

నేను ఉద్యోగం వదిలేసి ఆయనతో కలిశాక పనులు పంచుకున్నాం. యంత్రం ఆయనది, నోరు నాది. ఫోన్లు, ఉత్తరాలు, యజమానుల గొణుగుళ్లు, లాగ్‌బుక్కుల్లో సంతకాలు, అన్నీ నేనే చూసేవాణ్ణి. తర్వాత ఒకామె మెకానిక్కుగా చేరింది. మనిషి ఆరడుగులకి అంగుళం తక్కువ, నిచ్చెన లేకుండానే లిఫ్టు పైకప్పు అందుకునేది. బావ ఆమెని "పొడుగమ్మా" అనేవాడు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. మాట తక్కువ, పని ఎక్కువ. అలాంటి వాళ్ల ఎదుట నాకు కాస్త బెదురు.

బావ పని చేసే తీరు ఒకటుంది. మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు మొనని యంత్రానికి ఆనించి, పిడిని చెవి వెనకాల ఎముకకి నొక్కిపెట్టి వింటాడు. ఏ భాగం ఎలా ఉందో దాన్నిబట్టే చెబుతాడు. మోగితేనే విప్పాలి, ఊరికే విప్పిన ప్రతిసారీ యంత్రం కొంత చెడుతుంది అన్నది ఆయన నియమం. మిగతా మెకానిక్కులు నెలనెలా విప్పి చూసేవి బావ ఏడాదైనా ముట్టుకునేవాడు కాదు. చెవి చెప్పలేదు కాబట్టి అవసరం లేదనేవాడు, నిజంగానే అవసరం ఉండేది కాదు.

మూడో ఏడు చివర్లో ఒక మందుల గోదాములో, యంత్రాల గదిలో ఉండగా బావ పిడిని చెవి వెనక పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత దాన్ని తీసి పళ్ల మధ్య కరిచిపట్టుకున్నాడు. కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయాడు. పక్కనే ఉన్న గోదాము యజమాని, "అదేమిటండీ?" అని ఆయన్నే అడిగాడు. బావ పలకలేదు. ఆయన ఇంకోసారి అడిగాడు. బావ పలకకపోవడం బాగుండదని నేను అందుకున్నాను.

"మా బావ చెవులతో వినడం మానేశాడండీ. చెవిలో వీధి గోలంతా పడుతుంది. పంటికి యంత్రం ఒక్కటే వినిపిస్తుంది," అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో నాకిప్పటికీ తెలియదు. యజమాని ముచ్చటపడిపోయాడు. తన అన్నగారి భవనంలో లిఫ్టు కూడా చూడమన్నాడు. తిరిగి వస్తుంటే బావ నాకన్నా పది అడుగులు ముందు నడుస్తున్నాడు. వెనక నుంచి వ్యాను వస్తోందని మూడుసార్లు పిలిచాను. తిరగలేదు. పరిగెత్తి భుజం పట్టి లాగాను. "ఏమిట్రా, చెప్పొచ్చుగా," అన్నాడు. నాకు అప్పుడే అర్థమైంది. అర్థమైనవాణ్ణి అర్థమైనట్టు ఉండకుండా, ఇంటికి వెళ్లి విజిటింగ్ కార్డు మీద ఏం రాయించాలా అని ఆలోచించాను.

"పళ్లతో వినే మెకానిక్" అని వేయించాను. ఇక చూసుకోండి. నేను ఎక్కడికి వెళ్తే అక్కడ డప్పు కొట్టాను. జనానికి మంచి మెకానిక్కు అక్కర్లేదు, పది మందికి చెప్పుకోవడానికి ఒక వింత కావాలి. ఏడు భవనాలు పన్నెండయ్యాయి, పన్నెండు ఇరవై మూడయ్యాయి. నేను ఆ కథ మొదలుపెట్టగానే బావకి తెలిసిపోయేది. ఎదుటివాళ్ల మొహం చూసే గ్రహించేవాడనుకుంటాను. కొంచెం సిగ్గుపడుతూ నవ్వి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి చూపించేవాడు.

అక్కకి తెలుసు. వంటింట్లోంచి ఆయన్ని కేకేయడం ఎప్పుడో మానేసింది. ఏం చెప్పాలన్నా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడి చెప్పేది. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్లాక అడిగాను.

"బావని డాక్టరుకి చూపిద్దామా అక్కా?"

"ఎందుకు?"

"ఎందుకేమిటి, నీకు తెలీదా?"

"నాకేం తెలుసు. తెలిస్తే నీకు తెలియాలి, రోజంతా నువ్వేగా పక్కనుండేది," అంది. గిన్నె తోమడం ఆపకుండానే కాసేపటికి మళ్లీ అంది. "రెండుసార్లు మునిగి లేచిన మనిషిరా. లిఫ్టుల పనిలో పడ్డాక రాత్రి నిద్రపోతున్నాడు. మూడోసారి నా చేత్తో ముంచమంటావా?"

నేను ముంచమనలేదు. నేనూ ముంచలేదు. ఇద్దరం ఒకరి మీద ఒకరం పెట్టుకుని ఆ సంగతి అక్కడే వదిలేశాం. దాన్ని ప్రేమ అనుకున్నాను. ప్రేమ ఉందనుకోండి, కానీ నేను భయపడ్డాను కూడా. నాకూ ఆ పని కావాలి, ఆ గౌరవం కావాలి. బీమా ఆఫీసులో ముప్పై ఏళ్లలో నా మాట నిలబడి విన్నవాడు లేడు.

ఇరవై మూడింటిలో ఒకటి డయాలసిస్ సెంటరు. పాత భవనం నాలుగో అంతస్తులో ఉంటుంది. వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు యంత్రాల పక్కన పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని వెళ్తారు. వచ్చేటప్పుడు కాళ్లు ఉబ్బి ఉంటాయి, వెళ్లేటప్పుడు ఒంట్లో ఓపిక ఉండదు. వాళ్లకి మెట్లు అనేవి లేనట్టే, లిఫ్టు ఒక్కటే దారి.

ఒక సోమవారం నెలవారీ తనిఖీకి ముగ్గురం వెళ్లాం. లిఫ్టు మూడుసార్లు పైకీ కిందకీ తిరిగాక పొడుగమ్మ అంది.

"ఆగేటప్పుడు ఏదో గీరుతోందండీ. సన్నగా. ఇనుము మీద ఇనుము గీసినట్టు."

ఆమె నాతో అంది. నేను బావ ఎదురుగా వెళ్లి, చప్పుడు వస్తోందంటోంది బావా, బ్రేకు దగ్గర, అని చెప్పాను. బావ స్క్రూడ్రైవరు బ్రేకు మీద ఆనించి పళ్లతో పట్టుకున్నాడు. లిఫ్టుని నాలుగుసార్లు తిప్పించాడు. తల అడ్డంగా ఊపాడు.

"బ్రేకు దెబ్బ సరిగ్గానే పడుతోంది. గీరడం ఏమీ లేదు. ఉండుంటే తెలిసిపోయేదిగా."

"విప్పి చూస్తే పోతుంది కదండీ, పావుగంట పని," అంది పొడుగమ్మ, నాకేసి చూస్తూ.

ఆ సన్నటి చప్పుడు నాకూ వినిపిస్తోంది. ఆవిడన్నది నిజమని నాకు తెలుసు. విప్పమంటే బావ ఎందుకంటాడు. చప్పుడుంది కాబట్టి అని నేననాలి. చప్పుడుంటే నాకెందుకు వినపడలేదంటాడు. అక్కడి నుంచి ఇక వెనక్కి రావడానికి ఉండదు. వచ్చే నెల ఎలాగోలా విప్పిద్దాంలే అనుకున్నాను. "పెద్దాయన విన్నాడుగా," అని పొడుగమ్మతో అనేసి, లాగ్‌బుక్కులో "బ్రేకు బాగుంది" అని రాసి సంతకం పెట్టాను.

గురువారం పదకొండింటికి ఫోను వచ్చింది. డ్రాయింగు మాస్టారని ఒకాయన, బళ్లో చెప్పి రిటైరైన మనిషి, డయాలసిస్ అయ్యాక ఇంటికి బయల్దేరాడు. కింది అంతస్తులో లిఫ్టు ఆగింది, జాలీ తలుపు తీసి బయట అడుగు పెడుతుండగా లిఫ్టు అడుగున్నర కిందకి జారింది. ఆయన గడప తగిలి ముందుకి పడ్డాడు. మణికట్టు రెండు చోట్ల విరిగింది.

మేం వెళ్లేసరికి ఆయన్ని వేరే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆయన చెప్పుల్లో ఒకటి ఇంకా లిఫ్టులోనే ఉంది. బావ దాన్ని తీసి గోడ పక్కన పెట్టి, పైకి వెళ్లి బ్రేకు విప్పాడు. తిరిగే డ్రమ్ముని పట్టి ఆపే రెండు పట్టీలూ పూర్తిగా అరిగిపోయి, వాటిని బిగించిన రివెట్లు బయటికొచ్చి మెరుస్తున్నాయి. డ్రమ్ము మీద వేలెడు వెడల్పున గీతలు పడ్డాయి. బావ ఆ గీతల మీద బొటనవేలితో రాస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

"ఇది మోగి ఉండాలే," అన్నాడు. "వారం పది రోజులుగా మోగుతూ ఉండాలి."

పొడుగమ్మ పట్టీలు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను కిటికీలోంచి ఎదురు మేడ వైపు చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున పదింటికల్లా కొత్త పట్టీలు బిగించడం అయిపోయింది. సెంటరు నడిపే డాక్టరమ్మ బావనీ నన్నూ తన గదికి పిలిపించింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నయంగా ఉండేది.

"మాస్టారికి విరిగింది డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి కాదు, అంతవరకు అదృష్టం," అంది. "పాత యంత్రమని నాకు తెలుసు, మిమ్మల్ని నేను తప్పుబట్టడం లేదు. ఒక్క పని చేయండి. ఈయన పైకెళ్లి ఇంకోసారి పళ్లతో విని, బాగుందని నాతో అనాలి. అంటే ఇప్పుడే లిఫ్టు తిప్పుతాం. కింద పదకొండు మంది కూర్చున్నారు, నిన్న లిఫ్టు ఆగి పైకి రాలేక తిరిగి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. ఆలస్యమైతే వాళ్లకి ప్రమాదం."

బావ నా వెనక కిటికీ దగ్గర నిలబడి లాగ్‌బుక్కు తిరగేస్తున్నాడు. సోమవారం నాటి పేజీ కోసం వెతుకుతున్నాడని నాకు తెలుసు.

"ఏం, ఆయన చెప్పరా?"

"అడిగితే చెబుతాడండీ. బాగుందనే చెబుతాడు. మీరు నమ్మకండి."

ఆమె కలం కింద పెట్టింది.

"ఆయనకి వినపడదండీ. సన్నటి చప్పుళ్లు అసలు వినపడవు. పళ్లతో వినడమన్నది నేను పుట్టించిన మాట. సోమవారం మా మెకానిక్కు చప్పుడుందని చెప్పింది, నేనూ విన్నాను. విని కూడా సంతకం పెట్టాను."

డాక్టరమ్మ నా భుజం మీదుగా బావని చూసింది. నేనూ తిరిగాను. మేమిద్దరం తనకేసి చూడటం బావ గమనించాడు. అందరి దగ్గరా చెప్పే కథే ఇక్కడా చెబుతున్నాననుకున్నాడు. ఇలాంటి రోజున కూడానా అన్నట్టు మొహమాటంగా నవ్వి, మర్యాద కోసం జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి కాస్త పైకెత్తి చూపించాడు.

నా జన్మలో నేను చాలాసార్లు తలవంచుకున్నాను. అలా ఎప్పుడూ వంచుకోలేదు.

డాక్టరమ్మ ఫోను తీసి వేరే కంపెనీకి చేసింది. వాళ్లు రెండు రోజులు పడుతుందన్నారు. ఆమె బయటికి వెళ్లి, రోగుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి మెట్ల మీదుగా మోసుకురమ్మని వార్డు మనుషులకి చెప్పింది. మమ్మల్ని వెళ్లమని గాని ఉండమని గాని అనలేదు.

మెట్లు దిగుతుంటే మొదటి కుర్చీ ఎదురొచ్చింది. ఇద్దరు మోస్తున్నారు. కుర్చీలో ఉన్నావిడ కళ్లు గట్టిగా మూసుకుని కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. మేం గోడకి అతుక్కుని దారిచ్చాం. రెండో కుర్చీ కూడా వెళ్లాక బావ నన్ను పట్టుకున్నాడు.

"లిఫ్టు బాగుచేశాంగా. వీళ్లని మోయడమెందుకురా? నువ్వేం చెప్పావు ఆమెతో?"

నేను రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, మొహం ఆయనకి కనపడేలా నిలబడ్డాను.

"నీకు వినపడదని చెప్పాను బావా."

ఆయన నా పెదవులకేసి చూస్తూ ఉండిపోయాడు. అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపి, మెట్టు మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్లుగా తెలుసు నీకు?"

"మూడేళ్లు."

"నాకు రెండేళ్లుగా అనుమానం," అన్నాడు. "తగ్గుతోందని తెలుస్తూనే ఉంది. చెవి పోతే పోనీ, పళ్లతో తెలుస్తోందిగా అనుకున్నాను. నువ్వు ఊరంతా చెప్పావు. కార్డు మీద వేయించావు. ఇంతమంది నమ్ముతున్నారంటే నిజమే కాబోలు అని నేనూ నమ్మానురా."

నేను దానికి మాత్రం సిద్ధంగా లేను. నేను ఎదుటివాళ్లని మోసం చేస్తున్నాననుకున్నాను, బావని కాపాడుతున్నాననుకున్నాను. నా కోతలు అందరికన్నా గట్టిగా నమ్మినవాడు ఆయనే. మూడో కుర్చీ వస్తోంది, మోసేవాళ్లలో ఒకడికి ఆయాసం వచ్చి మెట్టు మీద దింపాడు. బావ లేచి వెళ్లి కుర్చీ ఒక పక్క పట్టుకున్నాడు. అరవై ఏడేళ్ల మనిషి. నేను రెండో పక్క పట్టుకోబోతే, "నువ్వు పక్కకి తప్పుకో," అన్నాడు. మధ్యాహ్నం దాకా ఆయన మోస్తూనే ఉన్నాడు, నేను మెట్ల మీద నిలబడి చూస్తూనే ఉన్నాను.

శనివారం పొద్దున్న ఏడింటికి మా ఇంటి తలుపు కొట్టాడు. ఇస్త్రీ చొక్కా, బూట్లు. చేతిలో ఒక కాగితం, దాని మీద డయాలసిస్ సెంటరు పోగా మా మిగతా ఇరవై రెండు భవనాల జాబితా.

"పద," అన్నాడు.

"ఎక్కడికి?"

"అన్నిటికీ. మోగలేదని విప్పకుండా వదిలేసినవి ఎన్ని ఉన్నాయో. ప్రతి లిఫ్టూ ఆపించాలి. పొడుగమ్మ వెనకాల వచ్చి ఒక్కొక్కటీ విప్పి చూస్తుంది. బాగుందో లేదో ఆమె చెప్పాలి, నేను కాదు."

"నేను ఫోన్లు చేస్తాలే బావా. నువ్వెందుకు రావడం?"

"చెప్పేది నువ్వే. అప్పుడు చెప్పింది నువ్వేగా. నేను చూస్తుంటాను."

మొదట లాయర్ల ఆఫీసులున్న భవనానికి వెళ్లాం. అక్కడి మేనేజరు మమ్మల్ని చూడగానే లేచి నిలబడి, పక్కన కూర్చున్న ఎవరికో, "నేను చెప్పానే, ఈయనే," అన్నాడు. ఆ మనిషి ఆసక్తిగా బావ వైపు చూశాడు. బావ ఈసారి నవ్వలేదు. మేనేజరు బల్లకి పక్కగా, నా మొహం పూర్తిగా కనపడే చోటు చూసుకుని నిలబడ్డాడు.

"మీ లిఫ్టు ఇవాళ ఆపేయాలండీ," అన్నాను. "ఒకసారి అంతా విప్పి చూడాలి. మా బావకి ఈమధ్య కొంచెం వినికిడి తగ్గింది."

"కొంచెం కాదు," అన్నాడు బావ. నా పెదవుల మీంచి చూపు తిప్పలేదు. "మళ్లీ చెప్పు."

మేనేజరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"వినపడదండీ," అన్నాను.

"ఎప్పటి నుంచో చెప్పు."

"మూడేళ్ల నుంచి."

"ఎవరికి తెలుసో అదీ చెప్పు."

ఊరికే పెదవులు కదిపినా ఆయనకి చాలు, కానీ మేనేజరుకి వినపడాలి. "నాకు తెలుసు," అన్నాను.

బావ జాబితాలో ఒక గీత గీసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను. ఇంకా ఇరవై ఒక్క భవనాలున్నాయి.